షాపు సౌండు

మా ఇంట్లో కీబోర్డు అందరికంటే బాగా వాయించేది డెమో బటన్. రెండో స్థానం మా అబ్బాయిది. మూడో స్థానానికి నేను చాలాకాలంగా అభ్యర్థిని. ఫలితాలు ఇంకా ప్రకటించలేదు.

ఆమధ్య తెనాలి నుంచి మా అత్తగారు వచ్చారు. వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "అల్లుడుగారి చెయ్యి బాగా తిరిగిందే!" అని కూతురితో అన్నారట. హాల్లో డెమో పాట నడుస్తోంది. నేను కీబోర్డు ముందు కూర్చుని పేపర్లో ఎన్నికల వార్తలు చదువుకుంటున్నాను. మా ఆవిడ నిజం చెప్పబోయి, పుట్టింటివాళ్ళ ముందు మొగుడి పరువు గుర్తొచ్చి ఊరుకుంది. సాయంత్రం అత్తగారు నా దగ్గరికే వచ్చి, "పొద్దున వాయించింది ఇంకోసారి వాయించండి బాబూ" అన్నారు. కరెంటు లేదండీ అన్నాను. నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ ఫ్యాను వంక చూసి, నా వంక చూసి, "సరే బాబూ, వచ్చాకే వాయించండి" అన్నారు. పెద్దమనిషి.

ఇందులో నా నేరం సగమే. మిగతా సగం ఆ బటన్ పెట్టినవాళ్ళది. కీబోర్డు కంపెనీలు తమ సరుకు చూపించడానికి రెండు పద్ధతులు పెట్టుకున్నాయి. నాలాంటి సరదా వాయిద్యగాళ్ళకి ఒకటి, పొట్టకూటికి వాయించేవాళ్ళకి ఇంకొకటి. మొదటి పద్ధతికి నేను ఎలా పడ్డానో ముందు చెబుతాను. రెండోదానికి ఇంకా ఘోరంగా పడ్డాను. అది తర్వాత.

సికింద్రాబాదులో ఒక దుకాణం. సేల్స్ కుర్రాడు కీబోర్డు ఆన్ చేసి, ఏవో రెండు బటన్లు నొక్కి, ఎడమచేతి చూపుడువేలు ఒక్కటి మెట్టు మీద పెట్టాడు. డ్రమ్స్ లేచాయి, బేస్ గిటారు లేచింది, వెనకాల వయొలిన్లు లేచాయి. "సార్, మీరు ఒక్క వేలు పెడితే చాలు, మిగతా బ్యాండంతా అదే చూసుకుంటుంది" అన్నాడు. ఫిల్-ఇన్ అని ఒకటి నొక్కాడు. కనిపించని డ్రమ్మరెవడో దడదడ వాయించి మళ్ళీ తాళంలోకి వచ్చేశాడు. చివరికి ఎండింగ్ అని ఇంకొకటి నొక్కాడు. బ్యాండు మొత్తం కూడబలుక్కుని, నెమ్మదించి, ఒకేసారి ఆగింది. నా జీవితంలో నేను మొదలుపెట్టిన ఏ పనికీ అంత చక్కని ముగింపు రాలేదు. అక్కడే పడిపోయాను.

ఆ కుర్రాడి కుడిచెయ్యి మాత్రం ఏం చేస్తోందో నేను గమనించలేదు. వాడు కుడిచేత్తో శుభ్రంగా పాట వాయిస్తున్నాడు. ఏళ్ళ తరబడి నేర్చుకున్న చెయ్యి అది. ఆ చెయ్యి డబ్బాలో పెట్టి ఇవ్వరు. ఈ సంగతి ఇంటికొచ్చి డబ్బా విప్పాక తెలిసింది.

ఈ ఒంటివేలి విద్య ఆ కుర్రాడు కనిపెట్టింది కాదు. 1950లోనే అమెరికాలో హ్యామండ్ కంపెనీ కార్డ్ ఆర్గన్ అని ఒకటి తెచ్చింది. ఎడమచేతి వైపు వరసగా బటన్లు. ఒక్కటి నొక్కితే మూడు నాలుగు స్వరాలు కలిసి పలుకుతాయి. సంగీతం రాని గృహస్థు కూడా భోజనాలయ్యాక ముందు గదిలో కూర్చుని ఇంటిల్లిపాదికీ పాట వినిపించవచ్చునని దాని వాగ్దానం. ఇంటిల్లిపాది అభిప్రాయం అప్పుడూ ఎవరూ అడిగినట్టు లేదు. తర్వాత జపాన్‌లో, లెక్కల మిషన్లు చేసే క్యాసియో కంపెనీని నడిపిన నలుగురు కషియో అన్నదమ్ముల్లో తొషియో అనే ఆయన, ఎవరైనా సులువుగా వాయించగల వాయిద్యం చెయ్యాలని పట్టుబట్టాడు. 1980లో క్యాసియోటోన్ 201 వచ్చింది. కూడికలు, తీసివేతలు రానివాళ్ళని ఆదుకున్న కంపెనీ, సరిగమలు రానివాళ్ళనీ ఆదుకోవడానికి పూనుకుందన్నమాట.

ఆ కంపెనీలోనే ఒకుడా హిరోకో అనే అమ్మాయి సంగీత కళాశాల నుంచి నేరుగా వచ్చి చేరింది. 1981లో వచ్చిన ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో బటన్ నొక్కితే వచ్చే తాళాలు ఆమె చేసినవే. అందులో 'రాక్' అని ఒకటి. నాలుగేళ్ళ తర్వాత జమైకాలో కుర్రాళ్ళ చేతికి ఆ కీబోర్డు చిక్కింది. ఆ బటన్ నొక్కి, దాని వేగం తగ్గించి, దానిమీద వేన్ స్మిత్ అనే గాయకుడు 'అండర్ మీ స్లెంగ్ టెంగ్' పాట పాడాడు. రెగే సంగీతం ఆ తర్వాత చాలావరకు కంప్యూటరు దారి పట్టింది. ఎక్కడి జపాన్ ఉద్యోగిని, ఎక్కడి కింగ్‌స్టన్ వీధులు! ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అలాంటి బటనే నేనూ నొక్కాను. అపార్ట్‌మెంట్ సెక్రటరీ వచ్చాడు.

మన దేశానికి వచ్చేసరికి ఈ వల ఇంకా సన్నగా అల్లారు. యమహావారు పీఎస్ఆర్-ఐ500 అని, క్యాసియోవారు సీటీ-ఎక్స్9000ఐఎన్ అని ప్రత్యేకంగా ఇండియా మోడళ్ళు తీశారు. తబలా, తాన్పురా, సితార్, మన తాళాలు, అన్నీ లోపలే. దుకాణంలో తాన్పురా బటన్ నొక్కి వదిలేస్తారు. ఆ శ్రుతి గదిలో నిండుతుంటే, కొనబోయే నాలాంటివాడికి తను అప్పుడే పద్మాసనం వేసినట్టు, ఎదురుగా ఆకాశవాణివారు మైకు పెట్టినట్టు అనిపిస్తుంది. తాన్పురా తర్వాత పాడాలి కదా, ఎవరు పాడతారు అన్న ప్రశ్న బిల్లు కట్టేదాకా తట్టదు. పైగా ఈ కీబోర్డుల అట్టపెట్టెల మీద అంకెలు చూడండి. క్యాసియో సీటీ-ఎక్స్700 అనే మామూలు మోడల్లోనే 600 టోన్లు, 195 రిథమ్‌లు. లెక్కన చూస్తే గిట్టుబాటే. పప్పుల రేటు కూడా బేరమాడే మా ఆవిడ సైతం, "పోనీలెండి, ఆరొందలొచ్చాయిగా" అంది. ఆ ఆరొందల్లో నేను వాడినవి పియానో, ఫ్లూటు, ఇంకా పొరపాటున నొక్కితే వచ్చే హెలికాప్టర్ చప్పుడు.

ఇక రెండో పద్ధతి. మా ఆవిడ తమ్ముడు వృత్తిరీత్యా కీబోర్డు వాయిద్యగాడు. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, వినాయకచవితి స్టేజీలు, ఆదివారం పొద్దున చర్చి. "దేవుడెవరైనా శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటే బావా" అంటాడు. అతను కొత్త కీబోర్డు కొనుక్కోవడానికి హైదరాబాదు వస్తే, నాకూ అనుభవం ఉందిగా అని తోడు వెళ్ళాను.

అతను దుకాణంలో ఒక్క పాట వాయించలేదు. ముందు కీబోర్డుని వెనక్కి తిప్పాడు. వీపు చూశాడు. పెద్ద పిన్ను పట్టే అవుట్‌పుట్ జాకులు రెండున్నాయా, పెడల్‌కి చోటుందా, కరెంటు వైరు నేరుగా లోపలికి పోతుందా, లేక అడాప్టరా. "అడాప్టరైతే స్టేజి మీద ఎవడో ఒకడు కాలు తగిలించి ఊడగొడతాడు బావా. మామూలుగా పూలదండ పట్టుకొచ్చేవాడు." తర్వాత ఆన్ చేసి వాచీ చూసుకున్నాడు. స్విచ్చి వేసిన ఎంతసేపటికి సౌండు వస్తుందని. కరెంటు పోయి జనరేటర్ అందుకునేసరికి సింగర్ చరణంలో ఉంటాడట, అక్కడ కీబోర్డు లోగో చూపిస్తూ కూర్చుంటే కుదరదట.

ఆ తర్వాత ఒకే ఒక్క మెట్టు నొక్కి పట్టుకున్నాడు. చెవి దగ్గరగా పెట్టాడు. ఆ స్వరం సన్నగిల్లి సన్నగిల్లి చచ్చేదాకా కదల్లేదు. మళ్ళీ అదే మెట్టు. మెల్లగా, గట్టిగా, ఇంకా మెల్లగా. దుకాణంవాడు వెళ్ళి టీ తాగొచ్చాడు. తర్వాత ఒక కార్డ్ పట్టుకుని ఉండగానే రెండో చేత్తో సౌండు మార్చాడు. పాత సౌండు ఠక్కున తెగిపోతుందా, మెల్లగా జారుకుంటుందా అని చూడ్డానికి. "పల్లవికి ఫ్లూటు, చరణానికి స్ట్రింగ్స్. మధ్యలో తెగిందనుకో, సింగర్ నా వైపు చూస్తాడు, జనం కూడా నా వైపే చూస్తారు." కుర్రాడు ఉండబట్టలేక స్టైల్ అనే ఆ ఒంటివేలి బ్యాండు ఆన్ చేసి డ్రమ్స్ వినిపించబోయాడు. మావాడు చెయ్యెత్తి ఆపి, "తమ్ముడూ, ఆ డ్రమ్స్ కట్టెయ్. మా డ్రమ్మర్‌కి ఇద్దరు పిల్లలు" అన్నాడు. ఆఖరున రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు. అర్ధరాత్రి బస్టాండులో మోసేది తనే కాబట్టి.

అప్పుడు నాకు విషయం బోధపడింది. నాకు చూపించిందంతా నేను లేకపోయినా ఆ పెట్టె ఎంత బాగా వాయించుకోగలదో. అతను వెతికిందంతా తను చెప్పిన మాట అది ఎంత త్వరగా, ఎంత నోరు మూసుకుని వింటుందో.

వృత్తివాళ్ళకి చూపించే డెమోల చరిత్ర కూడా ఇలాగే పాట లేకుండా ఉంటుంది. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో వాయిద్య వ్యాపారుల నామ్ ప్రదర్శనలో రెండు కీబోర్డులు పక్కపక్కన పెట్టారు. ఒకటి సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600, రెండోది రోలాండ్ వారి జూపిటర్-6. పోటీ కంపెనీలు. మధ్యలో ఒక వైరు. ఒకదాన్ని వాయిస్తే రెండోది పలికింది. అంతే డెమో. ఆ వైరు మీద కీబోర్డులు మాట్లాడుకునే పద్ధతినే మిడి అంటారు. ఆ పనికి సీక్వెన్షియల్‌కి చెందిన డేవ్ స్మిత్, రోలాండ్‌కి చెందిన కకెహాషి ఇకుతారో ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఇదే వైరు నేను మా వాళ్ళకి చూపించి ఉంటే, "వైరు పెడితే పలకదూ మరి?" అనేది మా ఆవిడ. 1970లో వచ్చిన మినీమూగ్ ఇంకా విడ్డూరం. 44 మెట్లు, ఒకసారికి ఒకే స్వరం, ముందే చేసిపెట్టిన సౌండు ఒక్కటీ లేదు, అన్నీ నాబులు తిప్పి చేసుకోవాలి. ఆరొందల టోన్ల లెక్కలో దాని విలువ సున్నా. దానికోసం వాయిద్యగాళ్ళు ప్రాణం పెట్టారు. మన సినిమా పాటలోకి సింథసైజర్లు వచ్చిపడ్డ ఆ ఎనభైల మద్రాసులో, రాజ్-కోటి బృందంలో దిలీప్ అనే కుర్రాడు కీబోర్డు వాయించేవాడు. ఆ కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్. అతనికి ఎవరైనా ఎండింగ్ బటన్ చూపించి సరుకు అమ్మి ఉంటారని నేననుకోను.

ఇంత జ్ఞానం వచ్చాక మనిషి ఊరుకుంటాడా? సరదా డెమోలంటే చిన్నచూపు మొదలైంది. రాత్రిళ్ళు ఫోన్లో వృత్తివాళ్ళ వీడియోలే చూసేవాణ్ణి. రెంటికీ తేడా చెవిటివాడైనా చెప్పగలడు. సరదా కీబోర్డు వీడియోలో ఎండ పడే గది, సోఫా, పూలకుండీ, నవ్వుతున్న నాన్న, చప్పట్లు కొడుతున్న పాప ఉంటారు. వృత్తి కీబోర్డు వీడియోలో చీకటి గది, ఊదారంగు దీపం, నల్లచొక్కా మనిషి. నవ్వడు. అతనికి కుటుంబం ఉన్నట్టు ఎక్కడా ఆధారం దొరకదు. నాకు ఆ జీవితం నచ్చింది.

ఒక శనివారం మా బావమరిదికి చెప్పకుండా వేరే దుకాణానికి వెళ్ళాను. అతను చేసినవన్నీ వరసగా చేశాను. వెనక్కి తిప్పి జాకులు చూశాను. జాకులు చూసి తల పంకించాను. ఎందుకు పంకించానో నాకే తెలియదు. ఆన్ చేసి వాచీ చూశాను. ఒక మెట్టు నొక్కి, కళ్ళు మూసుకుని, చచ్చేదాకా విన్నాను. సేల్స్‌మన్ స్టైల్ బటన్ వైపు చెయ్యి చాపితే, "డ్రమ్స్ వద్దు తమ్ముడూ" అన్నాను. అతని గొంతు మారింది. "మాస్టారూ, ఏ బ్యాండండీ?" అన్నాడు. "ఫ్రీలాన్స్" అన్నాను. అతను పాపం కుర్చీ తెప్పించాడు.

నా దెబ్బ నాకే తగిలింది ఇక్కడే. కొనేవాడు ఎవరో అంచనా వేసుకుని దుకాణంవాడు డెమో ఎంచుకుంటాడు. సరదావాడనుకుంటే అన్నీ చెబుతాడు. వృత్తివాడనుకుంటే, తెలిసిన విషయాలు చెప్పి అవమానించకూడదని నోరు మూసుకుంటాడు. నన్ను మాస్టారనుకున్నాడు కాబట్టి నాకు ఒక ముఖ్యమైన సంగతి చెప్పలేదు.

నేను కొన్న పెట్టెకి 88 మెట్లు, అసలు పియానోలాగా బరువుగా దిగే హ్యామర్ మెట్లు, ఇరవై కిలోలు దాటిన ఒళ్ళు. ఇద్దరం మోసి లిఫ్టులో నిలబెట్టి తెచ్చాం. మా ఆవిడ పసుపు కుంకుమ పెట్టింది, మూలన ఒక పువ్వు పెట్టింది. అబ్బాయి, ఎదురింటివాళ్ళు, వాళ్ళ చుట్టాలు కూర్చున్నారు. నేను స్విచ్చి వేశాను. దీపాలు వెలిగాయి. రెండు చేతులూ ఎత్తి ఒక పెద్ద కార్డ్ మీద దించాను. ఏమీ లేదు. వాల్యూమ్ పెంచి మళ్ళీ దించాను. మెట్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎదురింటాయన మర్యాదకి చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

బావమరిదికి ఫోన్ చేశాను.

"బావా, ఏ ఆంప్‌కి పెట్టావు?"

"ఏం ఆంప్?"

"స్పీకర్లు బావా."

"అందులోనే ఉండవూ?"

అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత అతను ఫోన్ పక్కకి పెట్టి నవ్వుతున్న చప్పుడు. స్టేజి మీద వాయించే కీబోర్డులకి చాలావాటికి లోపల స్పీకర్లు ఉండవు. మిక్సర్లోంచి హాలు స్పీకర్లకి పోతుంది సౌండు. లోపల స్పీకర్లు పెడితే వాళ్ళకి దండగ బరువు. దుకాణంలో నేను విన్నది దుకాణంవారి స్పీకర్లు. ఏ వృత్తి డెమోలోనూ ఈ ముక్క ఎవరూ చెప్పరు. ఆ వీడియో చూసేవాడికి అది తెలియకపోవడమనేది ఉండదు కనక.

"ఇంత డబ్బు పోసి మూగదాన్ని తెచ్చారా?" అంది మా ఆవిడ. ఎదురింటావిడ, "పోనీలెండి వదినగారూ, చూడ్డానికి బాగుంది" అంది.

చివరికి వైర్లు కొని హోమ్ థియేటరుకి తగిలించాం. దాంతో ఇంట్లో కొత్త రాజ్యాంగం అమల్లోకొచ్చింది. సీరియల్ వస్తున్నంతసేపూ నాకు సౌండు లేదు. నాకు సౌండు ఉన్నంతసేపూ సీరియల్ లేదు. సీరియళ్ళు రాత్రి పదిన్నర దాకా ఉంటాయి. కనక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించేవాణ్ణి. నా చెవుల్లో కార్నెగీ హాలు. బయటున్నవాళ్ళకి వినిపించేది మాత్రం మెట్ల టకటక, చీకట్లో ఎవరో కూర్చుని ఆపకుండా వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టు. "నాన్నా, కొంచెం మెల్లగా ఒలుచుకో, రేపు నాకు పరీక్ష" అనేవాడు మా వాడు.

అయినా ఆ పెట్టెలో ఒక సౌండుంది. ఆన్ చెయ్యగానే మొదట వచ్చేది అదే. ఒక్క మెట్టు నొక్కితే కోరస్ లేస్తుంది, దాని వెనక గంటలు, దాని వెనక ఏదో మేఘం. ఎడమ నుంచి కుడికి తిరుగుతూ ఉంటుంది. సబ్‌వూఫర్‌లోంచి వస్తే వంటింట్లో స్టీలు గిన్నెలు పలుకుతాయి. నా విద్వత్తంతా ఆ మెట్టులోనే ఉంది. సంక్రాంతికి అత్తగారితో కలిసి వచ్చిన బావమరిదికి వినిపించాను. విని, "షాపు సౌండు బావా" అన్నాడు.

అలా అంటారట వాళ్ళలో. దుకాణంలో నొక్కినవాడు అక్కడికక్కడే పడిపోవడానికి చేసిన సౌండని అర్థం. స్టేజి మీద పనికిరాదు. కింది స్వరాలు బేస్ గిటారువాడి మీద పడతాయి, పైవి సింగర్ గొంతుని మింగుతాయి, ఆ ఎడమ-కుడి తిరుగుడంతా ఊళ్ళో పెట్టే మైక్‌సెట్‌లో ఒక ముద్ద అవుతుంది. అతను వాడే పియానో ఒంటరిగా వింటే బక్కచిక్కినట్టు ఉంటుంది. బ్యాండులో అదే గుంపులోంచి విడిగా వినిపిస్తుంది.

నాకు ఊరట కలిగించింది ఏమిటంటే, షాపు సౌండుకి వృత్తివాళ్ళూ పడ్డారు. 1987లో వచ్చిన రోలాండ్ డీ-50లో 'డిజిటల్ నేటివ్ డాన్స్' అని ఒక సౌండుంది. మెట్టు నొక్కి పట్టుకుంటే చాలు, దానంతట అదే తాళం వేసుకుంటూ గంతులేస్తుంది. మరుసటి ఏడు వచ్చిన కోర్గ్ ఎం1లో మొదటి సౌండు పేరే 'యూనివర్స్'. నొక్కినవాడికి నిజంగానే బ్రహ్మాండం కనిపించేది. ఆ సౌండ్లు ఆ రోజుల్లో ఎన్నో పాటల్లోకి ఎక్కాయి. అంటే నల్లచొక్కావాడికి కూడా ఎక్కడో లోపల ఒక సోఫా, ఒక పూలకుండీ ఉన్నాయి. కంపెనీవాళ్ళకి ఇది తెలుసు. వృత్తివాళ్ళ కీబోర్డులోనూ మొట్టమొదటి నంబరు మీద పెట్టేది దీన్నే.

అసలు విన్నంతమాత్రాన ఎవరికెంత తెలుస్తుందో కూడా ఒకసారి తేల్చి చూశారు. హ్యామండ్‌వారు 1935లో తమ తొలి ఎలక్ట్రిక్ ఆర్గన్ తెచ్చి, చర్చిలో గొట్టాల ఆర్గన్‌కి తీసిపోదని ప్రచారం చేసుకున్నారు. అబద్ధపు ప్రకటనల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంఘం అభ్యంతరం చెప్పింది. 1937లో చికాగో విశ్వవిద్యాలయం ప్రార్థనామందిరంలో రెండిటినీ కనపడకుండా మార్చి మార్చి వాయించి, ఏది ఏదో చెప్పమన్నారు. విన్నవాళ్ళలో సంగీత నిపుణులూ ఉన్నారు, విద్యార్థులూ ఉన్నారు. నిపుణులు సుమారు మూడో వంతు సార్లు పొరపడ్డారు. విద్యార్థుల సంగతి బొమ్మాబొరుసే.

ఇది చదివి ఉత్సాహం వచ్చి మా ఇంట్లోనూ పెట్టాను పరీక్ష. మా ఆవిణ్ణి, అబ్బాయినీ పడగ్గదిలో కూర్చోబెట్టి తలుపేశాను. పాత కీబోర్డు డెమో కాసేపు, అదే పాట నా చేత్తో కాసేపు. ఏది ఏదో చీటీ మీద రాయమన్నాను. మా ఇంటి నిపుణులు ఒక్కసారి కూడా పొరపడలేదు. అబ్బాయి అయితే నేను మొదలుపెట్టకముందే రాసేశాడు. మెట్టు వెతుక్కునే చప్పుడు వినిపించిందట.

బావమరిది వెళ్ళేముందు ఇంకో పాఠం చెప్పాడు. కీబోర్డు ఎడమవైపు చిన్న చక్రం ఉంటుంది, పిచ్ బెండ్. దాన్ని తోస్తే స్వరం జారుతుంది. మన గమకం కీబోర్డు మీద పలకాలంటే అదే గతి. మెట్లు విడివిడిగా ఉన్నాయి, మన రాగాలేమో వాటి మధ్యలో కాపురం ఉంటాయి. ఇండియా మోడల్ డెమోలో తబలా, సితార్ మోగించి ఇది భారతీయం అంటారు గాని, వృత్తివాడు అడిగేది ఆ చక్రం ఎంతదూరం జరుగుతుంది, వదిలితే సరిగ్గా మధ్యకి వచ్చి ఆగుతుందా అని. మామూలుగా అది రెండు స్వరస్థానాలు జారేలా పెట్టి ఉంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు. అతను కుడిచేత్తో ఒకే మెట్టు పట్టుకుని, ఎడమ బొటనవేలితో చక్రాన్ని కొద్దికొద్దిగా కదిపి తోడి రాగం గాంధారాన్ని ఊపాడు. డ్రమ్స్ లేవు, మేఘం లేదు, ఒక్క స్వరం. వంటింట్లోంచి మా అత్తగారు బయటికొచ్చి నిలబడ్డారు. నేను కూడా ప్రయత్నించాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఆ పెద్ద కీబోర్డు ఇప్పుడు మా ఇంట్లో లేదు. శివరాత్రికి ప్రోగ్రాములు ఎక్కువున్నాయని బావమరిది పట్టుకెళ్ళాడు. తర్వాత పెళ్ళిళ్ళ సీజన్ అన్నాడు. నేనూ గట్టిగా అడగలేదు. అది అక్కడ రోజూ వాయించబడుతోంది, పైగా నెలకింత అని మా ఆవిడ చేతిలో పెడుతున్నాడు. మా పెళ్ళయిన ఇన్నాళ్ళలో నా సంగీతం వల్ల ఇంటికి వచ్చిన ఆదాయం అదొక్కటే.

మీలో ఎవరికైనా కీబోర్డు కొనే ఆలోచనుంటే నా మాట వినండి. దుకాణంలో ముందే చెప్పేయండి, నేను సరదాకి వాయిస్తాను, నాకు ఏమీ తెలియదు అని. స్టైల్ ఆపమనండి. మొదటి నంబరు సౌండు వద్దని మామూలు పియానో పెట్టమనండి. సేల్స్ కుర్రాణ్ణి లేపి మీరు కూర్చోండి. మీకొచ్చిన ఒకే ఒక్క పాట, వచ్చినంత మేరకే, మీ చేత్తోనే వాయించండి. అది విన్నాక కూడా మీతో వచ్చిన మీ ఆవిడ "కొనుక్కోండి" అంటేనే బిల్లు కట్టండి. కట్టేముందు స్పీకర్లు లోపల ఉన్నాయో లేవో అడగండి.